ఇంకొకరు కావాలి

పెరంబూరులో మా కుండల వీధికి
ఇప్పుడు రెండు వీధులు.
ఒకటి చెత్తబండి పట్టేంత.
రెండోది ఫోనులో,
నాలుగువందల పన్నెండు మంది,
చూరు లేదు, అరుగు లేదు.

వరదొచ్చిన డిసెంబరులో పుట్టిందది.
పాలెక్కడ, పడవెక్కడ, ఇన్సులిన్ ఎవరింట్లో ఉంది.
అందిన చెయ్యిది ఏ భాష అని
అప్పుడెవరూ అడగలేదు.
వరద తీశాక బురద మిగిలినట్టు
మాటలు మిగిలాయి.
కుక్కలకు అన్నం పెట్టేవాళ్లూ, కుక్క కరిచినవాళ్లూ.
మైకు కట్టేవాళ్లూ, చెవులు మూసుకునేవాళ్లూ.
రాత్రి పదకొండుకి ఒకరు పుల్ల వేస్తారు,
తెల్లారేసరికి వీధంతా పొగ.

ముప్పైమూడేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
చెవికి హెడ్‌సెట్టుతో బతికినదాన్ని.
లైన్లు పెనవేసుకుంటే ఏం చేయాలో తెలుసు:
ముందు ఎవరు మాట్లాడుతున్నారో వినాలి,
తర్వాతే తీగ పీకాలి.
అందుకే ఈ మోకాళ్లతో, గళ్ల నోటుబుక్కుతో
గుమ్మం గుమ్మం ఎక్కాను.
నలుగురు కావాలి. జీతం లేదు.
వారానికి మూడు సాయంత్రాలు.
తీర్పరులు వద్దు, వాళ్లు ఇంటికి ఇద్దరున్నారు.

టైలరు జెబరాజ్ మిషను ఆపకుండానే
‘చిరిగింది కుట్టడం వచ్చు,
చింపినవాడితో మాట్లాడటం రాదే’ అన్నాడు.
నాకూ రాదని చెప్పి పేరు రాసుకున్నాను.
రాత్రి డ్యూటీ నర్సు వహీదా
ఒక్కటే అడిగింది: ‘మరి నన్ను తిడితే?’
జవాబు లేదు.
ప్రశ్న రాసుకున్నాను, దాని కింద ఆమె పేరు.
మూడోవాడు వాడే వచ్చాడు, కీర్తివాసన్, పంతొమ్మిదేళ్లు.
మెట్ల మీద నిలబడి, బొటనవేలితో నేల గీరుతూ
‘ఆ నవ్వు బొమ్మ నాదే’ అన్నాడు.

ఏ నవ్వు బొమ్మో చెప్పాలి.

పెంచలమ్మ మా వీధి ఊడుస్తుంది.
తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చారు,
ఊడవడానికే.
చెత్త మీద గొడవైన రోజు ఆమె రాయలేదు,
గొంతు పంపింది. నలభై సెకన్లు, తెలుగులో,
వెనకాల చీపురు చప్పుడు:
‘తడిచెత్తలో గాజుపెంకులు వెయ్యబాకండి సామీ,
నా చెయ్యి చూడండి.’
కింద ఒక నవ్వు బొమ్మ.
దాని కింద ఇంకో పదకొండు.
తర్వాత సన్నటి బూడిద అక్షరాల్లో
పెంచలమ్మ వెళ్లిపోయారు.
తొమ్మిది రోజులు ఎవరూ గమనించలేదు.
వీధి మాత్రం రోజూ శుభ్రంగానే ఉంది.

ఆ నలభై సెకన్లూ నేను విన్నాను.
నా భాష.
ముప్పైమూడేళ్లలో ఒక్క పిలుపునీ
అలా వేలాడదీయలేదు నేను.

నాలుగో గీత ఖాళీగా ఉంచి ఆమె ఇంటికి వెళ్లాను.
స్టీలు గ్లాసులో టీ ఇచ్చి
తాగుతానా లేదా అని చూసింది.
తాగాను.
దానికే మెచ్చుకుంటుందనుకున్నాను, సిగ్గుచేటు.
‘జీతం లేదా?’
‘లేదు.’
‘ఊరికే చేసే పని మాకు కొత్తగాదులేమ్మా.’
గ్లాసు కడిగి బోర్లించి వచ్చాక అంది:
‘మమ్మల్ని కలుపుకుంటామంటారు.
కలుపుకోడానికి మేం బయట ఎప్పుడున్నాం?
మీ వీధి తెల్లారేదే మా చేత్తో గదా.’

పేరు రాయలేదు. ఆ మాట రాశాను.

గడప అవతల కీర్తివాసన్,
తమిళంలో అడగాలో తెలుగులో అడగాలో తేలక
చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.
ఆమె అరచేతి కట్టు విప్పి, మళ్లీ బిగించి కట్టుకుంటూ
‘ఆ పిలగాణ్ణి రేపు అయిదున్నరకి బండి కాడికి రమ్మను.
మాట తర్వాత.
ముందు గాజు ఏరడం నేర్చుకోనీ’ అంది.

నాలుగో గీత ఇంకా ఖాళీ.
ఇంకొకరు కావాలి.
అలారం అయిదింటికి పెట్టాను,
నాకూ.